తిరస్కరించినవారి హార్మోన్ స్థాయి

నిచ్చెనల ఫ్యాక్టరీ యాజమాన్యం మిక్కిలి సంతోషంతో తెలియజేసిందేమిటంటే, ఇకపై చెకింగ్ సెక్షన్‌లో ఏ నిచ్చెననైనా పనికిరాదని పక్కన పెట్టేటప్పుడు, పెట్టినవారి ఒంట్లో హార్మోన్లు ఏ స్థితిలో ఉన్నాయో కూడా ఫారంలో రాయాలి. ఇందుకోసం "కారణం" అనే గడిని కొంచెం కుదించి, పక్కనే "తిరస్కరించినవారి హార్మోన్ స్థాయి" అని కొత్త గడి గీశారు. ఈ నిబంధన ఏ ఒక్కరినీ ఉద్దేశించినది కాదని సర్క్యులర్ చివర స్పష్టం చేశారు. చెకింగ్ సెక్షన్‌లో ఉన్నదే ఒక్కరు.

ఆ ఒక్కరూ రిజెక్టమ్మ. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, పంతొమ్మిదేళ్లుగా ఎర్ర స్టాంపు పట్టుకుని వదులు మెట్లని వెనక్కి పంపుతూ వచ్చేసరికి, అది హాజరుపట్టీకే పరిమితమైపోయింది. ఆవిడ పరీక్ష చాలా సాదాసీదాది. నిచ్చెనని గోడకి ఆనించి, ఒక్కో మెట్టు మీదా నిలబడి, ఒళ్లు బరువంతా వేసి ఓసారి కుదుపుతుంది. రివెట్టు కిర్రుమందా, స్టాంపు పడిందే.

యాభై ఒకటో ఏట ఆవిడకి ఆవిర్లు మొదలయ్యాయి. ఉన్నట్టుండి మెడ నుంచి నెత్తికి సెగ ఎక్కేది, ఒళ్లంతా చెమటతో తడిసిపోయేది, కంటిమీద కునుకుండేది కాదు. నెలసరి ఆగిపోయే వయసులో హార్మోన్లు తగ్గి ఇలా అవుతుందని తోటికోడలు చెబితే, ఆ సంగతే రాసి, డాక్టరుకి చూపించుకోవడానికి ఒక పూట సెలవు కావాలని అర్జీ పెట్టుకుంది. నిజం రాయడం ఎంత పెద్ద పొరపాటో అప్పటికి ఆవిడకి తెలీదు.

మేనేజరు గారు అర్జీ చదివి, కళ్లజోడు తీసి, ఏళ్ల తరబడి కొరుకుడుపడని చిక్కు విడిపోయినట్టు నిట్టూర్చారు.

"అదన్నమాట సంగతి! ఇన్నాళ్లూ రివెట్లే వదులనుకున్నానమ్మా," అన్నారు.

మర్నాటి నుంచి ఆ ఫ్యాక్టరీలో ఒక్క మెట్టూ వదులుగా లేదు. ఆవిడ పక్కన పెట్టిన నిచ్చెనలు వెనక గుమ్మంలోంచి, "హార్మోన్ ప్రభావం, పంపవచ్చు" అన్న మేనేజరు గారి చీటీతో దర్జాగా లారీ ఎక్కేవి. వాటిలో ఒకదాని మీంచి గోడలకి రంగులేసే మనిషి పడి, మడమ విరగ్గొట్టుకున్నాడని కబురొచ్చింది. "పాపం, అతనికీ ఏదో తగ్గి ఉంటుంది," అని మేనేజరు గారు సానుభూతి ప్రకటించారు. రిజెక్టమ్మకి మాత్రం ఆ నిచ్చెన నంబరు గుర్తుంది. దాని మీద రెండుసార్లు స్టాంపు వేసింది.

డాక్టరమ్మ ఆవిడ ఆరోగ్యం గురించీ ఇంట్లోవాళ్ల జబ్బుల గురించీ అన్నీ ఆరా తీసి, అవసరమైన పరీక్షలు చేయించి, హార్మోన్ మాత్రలు రాసిచ్చింది. మూడు నెలల్లో ఆవిర్లు సర్దుకున్నాయి, హాయిగా నిద్రపట్టింది. ఫ్యాక్టరీ అంతా ఊపిరి పీల్చుకుంది. కానీ జరిగిందేమిటంటే, నిద్ర చాలిన చెవులకి కిర్రుమనే చప్పుడు ఇంకా బాగా వినిపించి, ఇదివరకు రోజుకి పన్నెండు పట్టుకునే మనిషి ఇప్పుడు ఇరవై పట్టుకోసాగింది.

మేనేజరు గారు డాక్టరమ్మకి లేఖ రాశారు: "తమరి మందు చాలినట్టు లేదు. పేషెంటు ఇంకా కాదంటూనే ఉన్నది. దయచేసి మోతాదు పెంచగలరు." జవాబు వెంటనే వచ్చింది: "ఆవిడ బాగున్నారు. రివెట్లకి నా దగ్గర మందు లేదు." ఆ జవాబు మీద మూడు వారాలు ఫైలు నడిచి, పైన మనవి చేసుకున్న గడి పుట్టింది.

ఆ రోజుల్లోనే మేనేజరు గారూ ఎప్పటినుంచో ఉన్న నీరసానికి డాక్టరుకి చూపించుకున్నారు. పొద్దున్నే రెండుసార్లు రక్తం తీసి, మగ హార్మోను తక్కువని తేల్చి, భుజాలకి రాసుకోమని జెల్లు ఇచ్చారు. దీని గురించి ఎవరూ గుసగుసలాడలేదు సరికదా, ఆయన కోలుకున్నందుకు పూలగుత్తితో సభ పెట్టారు.

"మిత్రులారా! నాలుగేళ్లుగా నాలో నేను లేను," అన్నారు మేనేజరు గారు గద్గదంగా. "ఫైలు తెరిస్తే అక్షరం ఎక్కేది కాదు. ఏ కాగితం ముందు పెడితే దానిమీద సంతకం పెట్టేశాను. అది నా లోపం కాదు, హార్మోను లోపం! ఇవాళ నేను సింహాన్ని!"

చప్పట్లు మార్మోగాయి. ఆ తర్వాత ఆయన కనిపించినవాళ్లందరి మీదా అరవసాగారు. దాన్ని నాయకత్వం అన్నారు.

రిజెక్టమ్మ ఆ సభలో చివరి వరసలో కూర్చుని అందరితో పాటూ చప్పట్లు కొడుతూ, మధ్యలో ఆపేసింది. మర్నాడు ఫారం తీసి కొత్త గడిలో "సరిగా ఉన్నది, డాక్టరు ఉత్తరం జతపరచడమైనది" అని రాసింది. తర్వాత స్కేలు పెట్టి, దాని కిందే శుభ్రంగా ఇంకో గడి గీసింది. "ఆమోదించినవారి హార్మోన్ స్థాయి: నాలుగేళ్లుగా తక్కువ. వారే సభాముఖంగా సెలవిచ్చారు. కావున ఆ నాలుగేళ్లలో వారు పంపిన నిచ్చెనలన్నీ వెనక్కి రప్పించి, తిరిగి పరీక్షించవలసినదిగా ప్రార్థన." నకలు యజమానికి పంపింది.

యజమాని అది చదివి మంచినీళ్లు అడిగాడు.

సాయంత్రానికల్లా మరో సర్క్యులర్ వచ్చింది. హార్మోన్లకీ వివేకానికీ ఏ సంబంధమూ లేదని యాజమాన్యం మొదటి నుంచీ దృఢంగా నమ్ముతోందట. రెండు గడులూ కొట్టేశారు. చెకింగ్ సెక్షన్ వద్దన్నది ఇకపై గేటు దాటరాదు. నాలుగేళ్లుగా దాటిపోయిన వాటిని మాత్రం గడిచిన విషయాలుగా భావించాలి.

సగం గెలుపే అయినా, గెలిచిన మనిషి నడకే వేరు. రిజెక్టమ్మ ఆ నడకతోనే ఇల్లు చేరింది. హాల్లో ఆవిడ భర్త, బడిలో లెక్కల మాస్టారు, కాలిపోయిన బల్బు మార్చడానికి నిచ్చెన వేసుకుని మొదటి మెట్టు మీదున్నాడు.

"ఏవండీ, దిగండి! ఎక్కడిదది?"

"మీ ఫ్యాక్టరీదే. పక్కింటివాళ్లు పోయిన నెల కొన్నారట."

"అయితే అస్సలు ఎక్కొద్దు. మెట్లు వదులు. అదిగో, దాని మీద నా ఎర్ర స్టాంపు."

మాస్టారు చెడ్డవాడు కాదు. ఆవిడకి ఆవిర్లొచ్చిన రోజుల్లో పక్కన కూర్చుని విసనకర్రతో విసిరినవాడు. ఎంతో ప్రేమగా తలతిప్పి అడిగాడు.

"ఇవాళ మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నాను."

"మరింకేం!" అని రెండో మెట్టు ఎక్కాడు.

ఆవిడ నిచ్చెనని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. ఆ మెట్లు వదులని ఆవిడకి తెలుసు. ఇంతదూరం చదివారు కాబట్టి మీకూ తెలుసు. ఆయనకి కూడా ఆవిడ చెప్పింది.