బజ్జీల పొట్లాల్లో ప్రపంచీకరణ

సకల కోచింగ్ సెంటర్ల బ్యానర్లచే ఆచ్ఛాదితమై, ఆటోల హారన్ల ఘోషచే అహోరాత్రములు ప్రతిధ్వనించు దిల్‌సుఖ్‌నగరమున, ఒకానొక గురువారము సాయంకాలము నాలుగున్నర గంటల వేళ, ప్రపంచ చరిత్ర పేపరులో ఒక్కటంటే ఒక్క మార్కుతో తప్పి, మరునాటి సప్లిమెంటరీ సమరమునకు సన్నద్ధురాలగుచున్న అలేఖ్య అను వీరాంగన, స్టూలెక్కి అటకనెల్ల తడిమి, తల్లడిల్లి, దిక్కులు పిక్కటిల్ల గర్జించెను.

"అమ్మా! జ్యోతిక నోట్సేదీ?"

"అట్ట ఊడిపోయిందేనా?" అని తల్లి విజయదుర్గ వంటింటిలోనుండి పలికెను. "మొన్న ఆదివారం పాత కాగితాలతను వస్తే వేసేశానే."

హా! అది సామాన్యమైన నోట్సా? ప్రాణసఖి జ్యోతిక స్వహస్తలిఖితము! ప్రతి ఏటా వచ్చు పది మార్కుల ప్రశ్నకు జవాబుగా, ప్రపంచీకరణ ఫలితములెనిమిదింటిని చంటిపిల్లకు గోరుముద్దలు పెట్టినట్లు వివరించిన గ్రంథము! ఫోనులో నలభై పీడీఎఫులున్నవి గాని, అవి చదివినకొద్దీ అలేఖ్యకు వచ్చినది కూడ మరపునకు వచ్చుచుండెను. జ్యోతికనే అడుగవచ్చును గదా యందురా? ఆమె ఉద్యోగము దొరికి ఖమ్మము వెళ్లి ఐదు నెలలాయెను. వెళ్లినది కనుక ముందు అదే ఫోను చేయవలెనని అలేఖ్య భీషణ ప్రతిజ్ఞ పూనియుండెను. అటువైపు ప్రతిజ్ఞయు అట్టిదే కాబోలు, ఏ ఫోనూ మ్రోగలేదు.

కావున ఆ ధీర చెప్పులు తొడిగి, సందు చివరనున్న పాత కాగితాల జంగయ్య దుకాణముపైకి ఉరికెను.

"గా నోట్సా? జర ఆలస్యమైంది బిడ్డా," అని ఆతడు తక్కెడ దింపుచు పలికెను. "పొద్దుగాలనే ఎల్బీనగర్ల కౌసల్యమ్మ బజ్జీల బండికి పోయింది."

అంతట మెట్రో యను లోహరథమెక్కి, మూడు స్టేషన్లను మూడు యుగములవలె గడిపి, ఎల్బీనగరమున దిగి చూచునప్పటికి, కుతకుతలాడు తైలసముద్రమున శనగపిండి కవచధారులైన మిర్చిసేనలు బంగారువన్నెతో తేలుచుండగా, కౌసల్యమ్మ ఒక్కొక్క పేజీని పర్రున చించి పొట్లము కట్టుచుండెను!

"ఓ బజ్జీభోక్తలారా!" అని అలేఖ్య బాహువులెత్తెను. "ఆగండి! చేతులు తుడవకండి! అవి పొట్లాలు కావు, నా డిగ్రీ!"

"ఏందమ్మా గీ లొల్లి?" అని కౌసల్యమ్మ జల్లిగరిటె ఝళిపించెను. "కాగితం గావాల్నంటే బజ్జీలు తినాలె. ఉత్త కాగితాలమ్మ కూసున్ననా నేను?"

తినెను! ఒక ప్లేటు, రెండు ప్లేట్లు, మూడవది. కన్నులవెంట, ముక్కువెంట ధారలు కారుచున్నను వెనుదీయక, పొట్లపు కాగితములపై ఉల్లిముక్కలను ఊది ఊది, మూడు ఫలితములను సాధించెను. ఆ పరాక్రమమునకు జనులు కరిగిరి.

"మొదటిది నా దగ్గరుందమ్మా," అని వనస్థలిపురపు రిటైర్డు గుమస్తా జోగారావు అద్దాలు సవరించుకొనెను. "సరుకులు సముద్రాలు దాటుట. ఆహా, అక్షరాలు ముత్యాలండీ! ఈ మిరపకాయ కూడా అలా ఓడెక్కి వచ్చిందే కదా."

"నా దాంట్ల ఐదోది చెల్లె," అనెను ఆటో లింగస్వామి. "అంతటా బట్టలొక్కతీరైతయంట. నిజమే, మా పోరడి ప్యాంటుకు అన్నీ చిరుగులే, కొత్తదే!"

మరి ఇద్దరు తమ పొట్లములను విప్పి సమర్పించిరి. ఏడు ఫలితములు చేజిక్కెను. బండిపై మిగిలిన చివరి కాగితమున ఎనిమిది అను అంకె కలదు. దాని కింద ఏమియు లేదు. సూర్యుని కెదురుగా పట్టి చూచెను. నూనెలో నుండి అవతలి బస్సులు కనిపించెను గాని, ఒక్క అక్షరమైనను కనిపింపలేదు.

అలేఖ్య ఫోనులో జ్యోతిక పేరు తీసెను. భీషణ ప్రతిజ్ఞ గంగపాలాయెను! కన్నులు మూసికొని నొక్కెను. మొదటి రింగుకే అటువైపు ఎత్తిరి.

"చెప్పు."

"ఎనిమిదోదేంటే?"

"ఐదు నెల్లకు ఫోన్ చేసి ఎనిమిదోదేందంటవా? సిగ్గుందా?"

"రేపే పరీక్ష."

"తెల్సు. హాల్‌టికెట్ తీసి పెట్టుకున్నవా?"

"అంకె వేసి కింద ఖాళీగా వదిలేశావేంటే?"

"ఎందుకుండదు ఖాళీ? రాస్తుంటే, బజ్జీలు తిందాం పా అని పెన్ను గుంజుకోలే నువ్వు?"

అలేఖ్య నోటనున్న బజ్జీని గుటుక్కున మింగి, పెన్ను తీసెను.

"సరే, రాసుకో. పనుల కోసం మనుషులు సొంతూర్లిడిచి దూరం పోతరు. రాసినవా?"

"రాశాను."

"పోయినోళ్లకు ఎనకున్నోళ్లు ఫోన్ చెయ్యరు. గిది రాయకు."

"అది కూడా రాసేశాను."

అటువైపు పకపక నవ్వు. ఇటువైపు ముక్కు చీదుట. మిర్చి ఘాటనుకొని కౌసల్యమ్మ మంచినీళ్లందించెను.

వినుడు, పురజనులారా! పది మార్కుల ప్రశ్నలో ఎనిమిదవ వంతు, అనగా ఒకటింపావు మార్కును, అలేఖ్య ఎల్బీనగర రణక్షేత్రమున సమూలముగా జయించెను! కావలసినది ఒక్క మార్కే. మిగులు పావు మార్కు ఎవరికి చెందవలెనన్న మహావివాదము మాత్రము, ఆమె తిరుగు మెట్రో ఎక్కి, దిగి, ఇల్లు చేరి, తల్లి రెండుమార్లు అన్నమునకు పిలిచిన పిదప కూడ, ఫోనులో ఘోరముగా సాగుచునే యుండెను.