కొట్టేసిన పద్నాలుగు మాటలు

భర్త వాల్టర్ పోయిన రోజున ఈనిడ్ అయిదో తరగతి పిల్లల వ్యాసాలు దిద్దుతోంది. ఎర్ర సిరాతో పదకొండో ‘నైస్’ను కొట్టేస్తుండగా ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది.

ఆ ఊళ్ళో టీ నైస్, వాన ఆగితే నైస్, అంత్యక్రియల తర్వాత పెట్టే పంది మాంసపు హామ్ ముక్కలు కూడా నైసే. ముప్ఫై ఏళ్ళుగా ఈనిడ్ ఆ ఒక్క మాట మీద యుద్ధం చేస్తోంది. దానికి బదులు వాడదగిన మాటలన్నీ పట్టిక రాసి తరగతి గోడకు వేలాడదీసింది.

తొమ్మిది వారాలు గడిచాక ఒక శనివారం ఉదయం ఆమె వేసుకున్న పథకం చిన్నది. రాతి మీదా ఇత్తడి మీదా అక్షరాలు చెక్కే ఆగ్డెన్ దగ్గరికి వెళ్ళి ఇంకో వారం గడువు అడగాలి, చేపలు కొనుక్కుని ఇంటికి రావాలి. సముద్రపు గట్టు మీద వాల్టర్ పేర బెంచీ వేయడానికి కౌన్సిల్ ఒప్పుకుంది. ఇత్తడి పలక మీద పేరు, పేరు కింద ఒక్క మాట. ఆ మాటే కుదరడం లేదు.

కాగితం మీద పద్నాలుగు రాసింది. స్కేలు పెట్టి పద్నాలుగూ కొట్టేసింది. ‘దయాళువు’ బిషప్పులకు సరిపోతుంది. ‘ఓర్పుగలవాడు’ అబద్ధం, జామ్ సీసా మూత రాకపోతే వాల్టర్ సుత్తి తెచ్చేవాడు. ‘సౌమ్యుడు’ అంటే ఫుట్‌బాల్ ఆటల రోజుల్లో గోడ అవతల ఆయన అరుపులు విన్నవాళ్ళు ఒప్పుకోరు. ‘మంచివాడు’ అన్నది ‘నైస్’కు దగ్గరి చుట్టం.

ఆగ్డెన్ ఉన్న ఒక్క కుర్చీనీ తుడిచి వేశాడు. టీ ఇచ్చాడు, పక్కన రెండు బిస్కెట్లు పెట్టాడు. భర్త పోయిన మనిషిని ప్రశ్నలు అడగడం ఆ ఊరి పద్ధతి కాదు. టీ తాగాక పని కాలేదని చెప్పడం కూడా పద్ధతి కాదు.

"మాట తెచ్చారా, టీచరుగారూ?"

"తెచ్చినట్టే," అంటూ ఈనిడ్ కాగితం అతని చేతిలో పెట్టింది. "మీరు ఇది చూస్తూ ఉండండి."

ఆగ్డెన్ కాగితాన్ని చూశాడు, ఆమెను చూశాడు, ఇంకేమీ అడగలేదు.

మరుసటి శనివారానికి పలక తయారైంది. టీ పళ్ళెమంత ఉంది. పేరు కింద పద్నాలుగు మాటలు, ఒక్కో మాట మీద అడ్డంగా ఒక్కో గీత, అడుగున కొంత ఖాళీ.

"గీతలే చంపేశాయండి," అన్నాడు ఆగ్డెన్. "చేత్తో చెక్కాను. ఎలా ఉంది?"

అతని రెండు వేళ్ళకు కట్లున్నాయి. ఈనిడ్ వాటినే చూస్తూ నిలబడింది.

"నైస్," అంది.

ఆగ్డెన్ పొంగిపోయాడు. ఆ మధ్యాహ్నమే స్వయంగా వెళ్ళి పలకను బెంచీకి బిగించేశాడు.

ఆదివారం చర్చి అయ్యాక సగం ఊరు గట్టు మీదికి వచ్చింది. వరుస కనబడితే ఎందుకని అడగకుండా చివర నిలబడే జనం కాబట్టి మిగతా సగమూ వచ్చింది.

"‘ఉదారుడు’ కొట్టేశావు, న్యాయమే," అంది పక్కింటి మావిస్. "నా పెళ్ళికి చాక్లెట్ల పెట్టె తెచ్చి సగం తనే తిన్నాడు. కానీ ‘సమయం తప్పనివాడు’ ఏం పాపం చేసింది, ఈనిడ్? బస్సు నడిపినవాడు కదా."

"నువ్వు పరిగెత్తుకొస్తుంటే ఆపేవాడు కాదా మరి?" అన్నాడు వరుసలోంచి ఒక ముసలాయన. "ఇరవై రెండేళ్ళు ఆ బస్సు ఆలస్యమే."

ఈనిడ్‌కు అక్కడ వాల్టర్ కనబడలేదు. ఎర్రసిరా పడిన నోటుపుస్తకం కనబడింది. ఆయన ఎప్పటికీ దాని కిందే ఉండిపోతాడా?

సోమవారం కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది: నిబంధన ప్రకారం ఒక మాట, పలక మీద పద్నాలుగు, తొలగించవలసి ఉంటుంది. తాను నోరు విప్పకుండానే గండం గడిచిందని ఈనిడ్ ఊపిరి పీల్చుకుంది. అయితే బుధవారానికల్లా పలకను ఉంచాలంటూ మావిస్ నలభై మూడు సంతకాలు పోగుచేసింది. కౌన్సిల్ గుమాస్తా పికెట్ ఫోను చేశాడు.

"క్షమించాలి, మిసెస్ హార్గ్రీవ్స్. కొట్టేసిన మాటలు లెక్కలోకి రావని కమిటీ తీర్మానించింది. ఆదివారం ఆవిష్కరణ. బ్యాండు కూడా వస్తుంది."

"అంత శ్రమ ఎందుకండీ..."

"శ్రమేం లేదు. వాళ్ళ కుర్చీలు వాళ్ళే తెచ్చుకుంటారు."

ఫోను పెట్టేసేలోగా ఈనిడ్ నోట రెండోసారి ‘నైస్’ వచ్చింది.

ఆదివారం ఆమె రెండే వాక్యాలు కంఠస్థం చేసుకుని వెళ్ళింది: ఇది పొరపాటు. దయచేసి తీసేయండి. బ్యాండు ఆగింది. ఈనిడ్ లేచింది. టోపీ చేతుల్లో తిప్పుకుంటూ ఆగ్డెన్ కూడా లేచాడు.

"ఒక్క నిమిషం, టీచరుగారూ. మా ఆవిడ సమాధి రాయి మీద ‘ప్రియతమ’ అని చెక్కాను. ఆ వరుసలో ఉన్న రాళ్ళన్నిటి మీదా నేను చెక్కింది అదే. పదిహేనేళ్ళుగా చూస్తున్నాను, ఆ మాటలో మా ఆవిడ లేదు. మీ గీతలు చెక్కుతుంటే మాత్రం వాల్టర్ పక్కనే కూర్చుని గొణిగినట్టుంది. అబ్బే, అది నేను కాదయ్యా అని."

మొదట మావిస్ నవ్వింది. తర్వాత, ఫిబ్రవరిలో వాల్టర్ పోయాక మొదటిసారి, ఈనిడ్ నవ్వింది. కంఠస్థం చేసిన వాక్యాలు లోపలే ఉండిపోయాయి.

"మరి కింద అంత ఖాళీ ఎందుకు వదిలారు?" అని అడిగింది.

"కొట్టేయనక్కర్లేని మాట దొరికితే చెక్కుదామని. తొందరేం లేదండి."

ఇప్పుడు ఆగస్టు. అక్కడ ఏం చెక్కాలో ఈనిడ్ ఇంకా చెప్పలేదు.