రాక్షసి గుట్టకు ప్రయాణం

ఆదివారం పొద్దున అండాలు గొర్రెలకు తవుడు కలుపుతుంటే, లోపల కూతురు హరిత ఫోన్లో మాట్లాడటం వినిపించింది.

"శివా, బయలెల్లేముందే అన్నీ తయారు పెట్టుకోవాలె. కాగడాలు, తాళ్లు, గడ్డపార. గుట్ట కింద నిధికి రాక్షసి కాపలా ఉన్నది. పొట్టేలును బలియ్యంది తలుపు తెరుసుకోదు. పొట్టేలు సంగతి నేను చూసుకుంట."

అండాలు గిన్నె కింద పెట్టి, తనకున్న ఒకే ఒక్క పొట్టేలు వైపు చూసింది. కోస్గి బడిలో లెక్కలు చెప్పే పిల్లకు నిధుల పిచ్చి ఎట్లా పట్టింది? అయినా, భయం కన్నా ఆ గుట్ట కింద ఏముందో తెలుసుకోవాలన్న ఆరాటమే ఎక్కువైంది.

ముందు పొట్టేలును పక్కింటి రామమ్మ దొడ్లోకి తోలుకుపోయింది.

"ఎందుకొదినె, గిక్కడ కట్టేస్తున్నవ్?"

ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుని అండాలు చెప్పింది. రామమ్మ కూడా అదే ఒట్టు వేయించుకుని మొగుడు భీమయ్యకు చెప్పింది. భీమయ్యకు ఒట్ల మీద నమ్మకం లేదు.

కాసేపటికి గడ్డపార భుజాన వేసుకుని భీమయ్య, అతని వెనక సగం వాడ హరిత గుమ్మం ముందు నిలబడ్డారు.

"కోడలుపిల్లా, తవ్వనీకి బయటోళ్లెందుకు? మేం లేమా?"

సంగతి అర్థమయ్యాక హరిత నవ్వాపుకోలేకపోయింది. చాప మీద తను గీసిన పటం పరిచి పాచికలు చూపించింది.

"గిది ఆట మామా. వీరులమనుకొని కథల నడుస్తం. నిధి లేదు, గుట్ట లేదు. రాక్షసి లెక్క నేనే మాట్లాడుత."

ఇక అందరూ వెళ్లిపోతారనుకుంది. ఎవరూ కదల్లేదు.

"గా రాక్షసి ఏమంటది?" అంటూ అండాలు చాప మీద కూర్చుంది.

హరిత గొంతు బొంగురు చేసింది. "ఎవర్రా నా గుట్ట మీదికొచ్చింది?"

"మేమేనమ్మా, కోస్గోళ్లం. ఎండలవడి వచ్చినం, జర నీళ్లియ్యి" అంది అండాలు.

"పొట్టేలేది?"

"పొట్టేలియ్య. జొన్నరొట్టె తెచ్చిన, తింటవా?"

రామమ్మ ముందుకు జరిగింది. "ఒక్కదానివే ఉంటున్నవా తల్లీ? పెండ్లి కాలేదా?"

నెల రోజులుగా హరిత సిద్ధం చేసుకున్న జవాబులన్నీ కత్తులకు, మంత్రాలకే. "కాలేదు" అని నోరు జారింది.

మహబూబ్‌నగర్ బస్సు దిగి శివకుమార్, అతని స్నేహితులు ఆటకు వచ్చేసరికి చాప మీద జాగా లేదు. "జర ఆగుండ్రి. పెద్దమనుషులం మాట్లాడుతున్నం" అన్నాడు భీమయ్య.

పొద్దు వాలేలోగా రాక్షసికి కొడంగల్ సంబంధం ఖాయమైంది.