వీపుకు సన్మానం

"శైలి లేనివాడి చేతిలో కెమెరా ఉన్నా ఒకటే, తట్ట ఉన్నా ఒకటే!"

నల్లగొండలో తన ఇంటి వరండాలో నిలబడి కృష్ణకాంత్ గారు ఈ ప్రకటన చేశారు. విన్నది ఇద్దరు. పాలు పోయడానికి వచ్చినాయన, భార్య అండాలు. పాలాయన పాలు పోసి వెళ్ళిపోయాడు. ఎటూ పోలేక మిగిలింది అండాలే.

రిటైరైన నాటి నుంచి ఆయన ప్రకృతి దృశ్యాలు తీస్తున్నారు. గుట్టలు తీశారు, చెరువులు తీశారు, చెరువులో గుట్ట నీడ తీశారు. ఛాయాచిత్ర సంఘం వాట్సాప్ గ్రూపులో పెడితే ఒకటో రెండో బొటనవేళ్ళు లేచేవి. అందులో ఒకటి ఆయనదే.

అట్లాంటిది ఒకనాడు శైలి దానంతట అదే వచ్చి పడింది. కట్టంగూర్ దగ్గర గుట్ట మీద వెలుగు కుదిరేదాకా ఆగాలంటూ పొద్దుటి నుంచి ఎండలో కూచోబెడితే, అండాలుకు కోపమొచ్చి లేచి నడిచింది. ఆ కోపం ఫొటోలో పడింది. ఏనుగులంత బండరాళ్ళు, మీద బోలెడు ఆకాశం, నడుమ మిరపపండంత ఎర్ర చీర. అటు తిరిగిన వీపు.

గ్రూపు ఊగిపోయింది! "ఏం ఒంటరితనం సార్!" అన్నారు. "ఆ తల్లి ఎటు పోతున్నది సార్?" అన్నారు.

"బస్సు కాడికి," అని అండాలు జవాబు చెప్పింది. ఆయన ఆ జవాబు గ్రూపులో పెట్టలేదు.

సంఘం కార్యదర్శి ఐలేశమైతే "మీకు సొంత శైలి కలిగినట్లు ధ్రువీకరించడమైనది" అని రాశాడు. జీవితమంతా సర్కారు ఆఫీసులో ధ్రువపత్రాలు రాసిన మనిషి. ఆయన ధ్రువీకరించాక ఇక తిరుగు లేదు.

నాటి నుంచి ప్రతి ఆదివారం అదే చీర, అదే నడక.

"పో... ఇంకా పో. ఎనక్కి తిరుగకు. జర దుఃఖంగ నడువు!"

"దుఃఖంగ ఎట్ల నడుస్తరు? మోకాళ్ళ నొప్పితోని నడుస్తున్న."

"గదే, గదే! మంచిగొస్తాంది!"

అండాలుకు ఆ "పో" అన్న మాట వింటే గుండె జారేది. ఆమె సాగనంపినవాళ్ళు ఒక్కరూ తిరిగి రాలేదు. అక్క జానమ్మ అట్లాగే పోయింది. కర్మ నాడు దండ వేయడానికి ఫొటో లేక, ఎవరిదో పెళ్ళి ఫొటోలోంచి కత్తిరించి పెట్టారు. ముఖం మసక మసక. భుజం మీద మాత్రం ఎవరిదో చెయ్యి స్పష్టంగా మిగిలింది. ఆ చెయ్యి ఎవరిదని భోజనాలయ్యేదాకా చుట్టాలు వాదించుకున్నారు. జానమ్మ ఊసెత్తినవాళ్ళు లేరు.

"ఒక్కసారి నా మొఖం తియ్యుండ్రి," అని అండాలు అడిగింది. "రేపు నాకేమన్నయితె గోడకు ఏం పెడ్తరు?"

"గిన్ని ఫొటోలున్నయ్ గద!"

"అన్నీ వీపులే. వీపుకు బొట్టు ఏడ పెడ్తరు?"

"ఆధార్ కార్డుల ఉన్నది గద నీ మొఖం."

"అందుల నన్ను నేనే గుర్తు పట్టలె."

"మొఖాలు తీసుడు స్టూడియోవాళ్ళ పని. నేను ప్రకృతి మనిషిని. నీ మొఖం పడ్డదంటే నా శైలి పోతది!"

సంఘం నల్లగొండలో ప్రదర్శన పెట్టింది. గోడల నిండా అండాలు వీపే. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దాఫీసరు ఒక్కో వీపు ముందు ఆగి నిట్టూర్చారు.

"ఎవరండీ ఈమె?"

కృష్ణకాంత్ గారు లోపల లెక్క వేసుకున్నారు. భార్య అని చెబితే ఇంత కళా ఇంటి ఆల్బమ్ అయిపోతుంది.

"పేరు తెలియని పల్లెతల్లి సార్! ఎక్కడి నుంచి వచ్చిందో, ఎక్కడికి పోయిందో!"

"వెతికించండి!" అన్నారు ఆఫీసరు. "ముగింపు రోజు సన్మానం చేద్దాం."

ఇంటికొచ్చి ఆయన అండాలు చేతులు పట్టుకున్నారు. "వచ్చి శాలువ కప్పించుకో. గని నన్ను ఎరుగనట్టే ఉండాలె. నా పరువు నీ చేతుల ఉన్నది."

"మొఖం ఫొటో తీస్తరా?"

"పేపరోళ్ళే వచ్చి తీస్తరు!"

ఆ ఒక్క మాటకు అండాలు ఒప్పుకుంది. ఆ రోజు తలకు నూనె రాసి నున్నగా దువ్వుకుంది. పౌడరు కూడా అద్దుకుంది.

వేదిక మీద ఐలేశం ఆధార్ అడిగాడు. కార్డు మీది ఫొటో చూశాడు, అండాలు ముఖం చూశాడు, గోడ మీది ఫొటో చూశాడు, మళ్ళీ కార్డు చూశాడు.

"కార్డుల మొఖమున్నది, ఫొటోల వీపున్నది. రెండు ఎట్ల కలుస్తయ్? రేపు ఎవరన్న అడిగితె సంఘం జవాబు చెప్పాలె."

"అది నేనే, అన్నా."

"గట్ల మొఖం చూపెడితె మేమెట్ల గుర్తు పడ్తం? జర అటు తిరుగమ్మా."

అండాలు తిరిగింది. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. "ఆమెనే! ఆమెనే!" ఆఫీసరు శాలువా వెనక నుంచే కప్పారు. పేపర్లవాళ్ళు వెనక నుంచే తీశారు. "అట్లనే ఉండమ్మా, ఇటు తిరుగొద్దు!"

అండాలుకు ఎదురుగా తలుపు కనిపించింది. ఈసారి ఎవరూ పొమ్మనలేదు. అయినా నడిచింది.

"చూడండి, ఆ నడక చూడండి!" అని ఆఫీసరు కళ్ళు తుడుచుకున్నారు. మైకు పట్టుకుని ఉన్న కృష్ణకాంత్ గారు మాత్రం, ఆమె గడప దాటుతుండగా ఉలిక్కిపడ్డారు.

"ఓ అండాలూ! ఏడికే? ఆగు! ఇంటి తాళంచెవి నీ దగ్గర్నే ఉన్నదే!"

హాలంతా విన్నది. ఆఫీసరు కళ్ళు తుడుచుకోవడం ఆపారు. ఐలేశం నెమ్మదిగా అడిగాడు: "సార్, పేరు తెలియని పల్లెతల్లి దగ్గర మీ ఇంటి తాళంచెవి ఎందుకున్నది?"

కృష్ణకాంత్ గారు మైకు వదిలేసి ఉరికారు.

అప్పటికే అండాలు రోడ్డు దాటి, పెళ్ళి ఫొటోలు తీసే వెంకటేష్ స్టూడియోలో స్టూలు మీద కూచుని ఉంది. ఆయన రొప్పుకుంటూ వచ్చి ఆమె వెనకాల నిలబడ్డారు.

వెంకటేష్ కెమెరాలోంచి తల ఎత్తాడు.

"అమ్మా, ఎనకాల ఈ సార్ ఫొటోల పడ్తున్నడు. ఉండాల్నా?"

"వద్దు బిడ్డా," అన్నది అండాలు, కొంగు సర్దుకుంటూ. "ఏ సీనరీ వద్దు. నా మొఖం ఒక్కటే రానియ్యి."