మర్యాదగా జరిగిన టీకా సభ

బాలికల పాఠశాలలో టీకా అవగాహన సభ మొన్న శనివారం మర్యాదగా జరిగింది. టీకా ఒక్కటే జరగలేదు.

ఆడపిల్లలకు పెద్దయ్యాక గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా చిన్న వయసులోనే వేసే టీకా అది. విషయం ఆడవాళ్ళది గనుక సభకు తండ్రులను మాత్రమే పిలిచారు. తల్లులు వరండాలో నిలబడ్డారు. వివరించడానికి వచ్చిన డాక్టరు కూడా స్త్రీ కావడంతో ఆమెకూ వరండాలోనే కుర్చీ వేసి, టీకాల పెట్టె కాళ్ళ దగ్గర పెట్టారు.

లోపల ఆమె బదులు సైన్సు మాస్టారు మాట్లాడారు. పునరుత్పత్తి పాఠాన్ని ఏటా "ఇంటి దగ్గర చదువుకోండి" అని దాటించిన అనుభవం ఆయనకుంది.

"ఒక చోట ఒక జబ్బు వస్తుంది. రాకుండా ఒక సూది ఉంది. అంతకంటే లోతుకు వెళ్ళడం సభా మర్యాద కాదు," అన్నారు. సభ హర్షించింది.

"పెళ్ళయ్యాక అత్తారింటివాళ్ళు వేయించుకుంటారు గదండీ, ఇప్పుడెందుకు?" అని ఒక తండ్రి అడిగాడు.

"ఆ జబ్బు తెచ్చే వైరస్ కలయిక వల్ల సోకుతుందండీ. సోకకముందు వేస్తేనే టీకా బాగా పనిచేస్తుంది," అని వరండాలోంచి డాక్టరు చెప్పింది. ఎవరో లేచి తలుపు దగ్గరగా వేశారు.

"మా అమ్మాయి అలాంటిది కాదు," అని ఆ తండ్రి ప్రకటించాడు. తక్కిన తండ్రులు వరసగా లేచి తమ అమ్మాయిలూ అలాంటివాళ్ళు కారని చెప్పి కూర్చున్నారు. ఆ అమ్మాయిలు ఆరు, ఏడు తరగతులు చదువుతున్నారు.

అప్పుడు తలుపు తోసుకుని ఒక దర్జీ లోపలికి వచ్చింది. ఆ పిల్లల యూనిఫాంలు కుట్టేది ఆమే. ఆమెకు ఆ జబ్బే ఉంది, రేడియేషన్ నడుస్తోంది. కూతురు ఏడో తరగతి. భర్త ఎలక్ట్రీషియన్, సభలో మైకు చూసుకుంటున్నాడు.

"ఏమయ్యా, మన పిల్లకి వేయించు. ఆ ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టు," అంది.

"నలుగురూ పెడితే నేనూ పెడతానే. ముందు మనమే పెడితే, వీళ్ళ పిల్లకేం అవసరమొచ్చిందో అంటారు."

"ఆ నలుగురూ వచ్చి నా బదులు ఆ మిషను కింద పడుకుంటారా?"

సభాధ్యక్షులు సిమెంటు వ్యాపారి. ఆయన చలించిపోయారు. ఆమెను పోరాట యోధురాలిగా కొనియాడారు. దేనితో పోరాడుతోందో చెప్పలేదు. తండ్రులందరూ ఒకేసారి సిద్ధపడేదాకా టీకాను వాయిదా వేశారు. డాక్టరు పెట్టె తీసుకుని వెళ్ళిపోయింది.

"అంతమాత్రాన మన ఆడపిల్లల్ని గాలికి వదిలేస్తామా? రేపు వాళ్ళకు ఏ కష్టం వచ్చినా పరాయి ఆసుపత్రుల చుట్టూ తిరగనివ్వం. మన ఊరి ఆసుపత్రిలోనే వాళ్ళకో వార్డు కట్టిస్తాం," అని అధ్యక్షులు జేబులోంచి ప్లాను తీసి బల్ల మీద పరిచారు.

దర్జీ ఆ ప్లాను మీదికి వంగి చూసింది.

"ఇందులో మా అమ్మాయి మంచం ఎక్కడండీ?"

"కిటికీ పక్కన వేయిద్దాం తల్లీ. గాలి బాగా వస్తుంది."

సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. తర్వాత, మంచాలు చాలవేమోనన్న ఆందోళనతో తండ్రులు అధ్యక్షుల వారి చుట్టూ మూగి తమ అమ్మాయిల పేర్లూ చెప్పడం మొదలుపెట్టారు. మీకూ ఆడపిల్లలుంటే త్వరపడండి. కిటికీ పక్కవి ఇంకా కొన్ని ఉన్నాయట.