పొగ రాని పొగగొట్టం

ఆ శుక్రవారం ఉదయం విల్ఫ్ సగ్డెన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కొత్త పొయ్యి వెలిగించాలి. మధ్యాహ్నానికల్లా ముందుగది వెచ్చబడాలి. ఆస్పత్రి నుంచి వస్తున్న భార్య హిల్డాను దాని ముందు కుర్చీలో కూర్చోబెట్టాలి. ఇందులో భయపడడానికి ఏముందని అడిగేవాళ్ళకి విల్ఫ్ సంగతి తెలియదన్నమాట.

విల్ఫ్ ఉద్యోగమంతా హార్‌క్లఫ్ ఊరి మురుగు కాలువల్లో గడిచింది. నేల కింద చీకట్లో, ఎలుకల మధ్య అతనికి ఏనాడూ భయం వెయ్యలేదు. నేల పైకి వచ్చాకే అసలు చిక్కు. ఫోను మోగితే భయం, మోగకపోతే భయం. అన్నిటికంటే ఊరి పాలన చూసే కౌన్సిల్ అంటే భయం. తాను జీతం తీసుకున్నది ఆ కౌన్సిల్ దగ్గరే కదా అంటే, అందుకే భయం అనేవాడు.

శరదృతువులో హిల్డా పెరటి మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఇల్లు వెచ్చగా ఉంటేనే పంపిస్తామన్నారు డాక్టర్లు. వాళ్ళుండే బాబిన్ రో వీధిలో ఇళ్ళు రాతివి. గోడలకున్న హీటర్లు పిల్లి ఆనుకుని పడుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరావు. అప్పుడు రంగంలోకి దిగింది హిల్డా అక్క మ్యూరియల్.

"చూడు విల్ఫ్రెడ్, శుక్రవారం నేనే కారులో తీసుకొస్తా. గదిలో నా ముక్కుకి చలి తగిలిందో, దాన్ని కారు దిగనివ్వను. అట్నుంచి అటే స్కార్‌బరో తీసుకుపోతా. వేసవి దాకా నా దగ్గరే ఉంటుంది," అంది.

మ్యూరియల్‌ది సముద్రం ఒడ్డున మెట్లు లేని ఇల్లు. అక్కడ నేల కూడా వెచ్చగా ఉంటుంది. ఒకసారి ఆ సుఖం మరిగితే హిల్డా మళ్ళీ ఈ గుమ్మం తొక్కదని విల్ఫ్‌కి గట్టి నమ్మకం. ఆమె లేని ఇన్ని రోజులూ అతను టీ రెండు కప్పులకి సరిపడా పెట్టి, ఒకటి పారబోస్తూ బతికాడు.

కాబట్టి పొయ్యి కొనాలి. అందులో కట్టెలూ కాలాలి, బొగ్గూ కాలాలి. కానీ హార్‌క్లఫ్‌లో పొగ మీద నిషేధం ఉంది. దుకాణంలో అమ్మాయి ఓపిగ్గానే చెప్పింది: నిషేధమున్న చోట కట్టెలు కాల్చాలంటే ఆమోదం పొందిన పొయ్యే కొనాలి, కట్టెలు బాగా ఎండినవై ఉండాలి, బొగ్గయితే పొగ రానిది వాడాలి, లోపలికి గాలి వదిలే చిన్న గాలి తలుపు పూర్తిగా మూసుకోకుండా చేసి ఉంటుంది, ఎందుకంటే గాలి అందక కుములుతున్న మంటే పొగ కక్కుతుంది. ఇంతవరకూ విల్ఫ్ బాగానే విన్నాడు. మాటల మధ్య ఆ అమ్మాయి "జరిమానా" అంది. ఆ తర్వాత కిటికీల గురించి కూడా ఏదో చెప్పింది గానీ, విల్ఫ్ చెవుల్లో జరిమానా తప్ప ఇంకేమీ దూరలేదు.

దుకాణంలో ఆమోదం పొందినవే చాలా ఉన్నాయి. వాటిలో ఏది కొనాలి? అమ్మేవాళ్ళ మాట నమ్మడానికి భయం. ఇరుగుపొరుగును అడగవచ్చు. కానీ బాబిన్ రోలో ఒకరి పొయ్యి గురించి ఇంకొకరు అడగరు. వాన గురించి మాట్లాడుకుంటారు, వాన లేకపోతే రాబోయే వాన గురించి మాట్లాడుకుంటారు. అందుకని విల్ఫ్ తన కళ్ళనే నమ్ముకున్నాడు. రోజూ పొద్దున్నే, మసక వెలుతురులో కారేదైనా గుద్దేస్తుందేమోనన్న భయంతో పాత పసుపుపచ్చ కోటు తొడుక్కుని, వీధి ఆ చివర నుంచి ఈ చివరకి నడుస్తూ, ఒక్కో ఇంటి ముందు ఆగి, తల పైకెత్తి పొగగొట్టాలు చూసేవాడు.

ఆశ్చర్యమేమిటంటే, మొదటి రోజు నాలుగైదు గొట్టాలు నల్లగా పొగ కక్కాయి. వారం తిరిగేసరికి రెండు. ఆ తర్వాత వీధి మొత్తానికి ఒక్క గొట్టంలోంచీ పొగ లేదు. 'అమ్మ బాబోయ్! వీధి వీధంతా మంచి పొయ్యిలు కొనేసింది. నేనే వెనకబడ్డాను' అనుకున్నాడు విల్ఫ్. అన్నిటికంటే శుభ్రమైన గొట్టం పక్కింటి మిసెస్ ఆర్మిటేజ్‌ది. చివరికి ఉండబట్టలేక పెరటి గోడ మీదుగా ఆవిడనే కదిపాడు.

"చలిగా ఉంది కదండీ."

"ఉందండీ," అంది ఆవిడ. ఒకదాని మీద ఒకటి రెండు కోట్లు, ఉన్ని టోపీ పెట్టుకుని ఉంది. ఎక్కడికో బయల్దేరుతోంది కాబోలనుకున్నాడు విల్ఫ్.

"మీ పొగగొట్టం చాలా శుభ్రంగా ఉంటుందండీ."

ఆవిడ మొహం పాలిపోయింది. "ఎప్పుడూ అంతేనండీ! కావాలంటే ఎవర్నైనా అడగండి!"

"ఏ పొయ్యి వాడతారేమిటి?"

"అదేనండీ... బజార్లో కొట్టు అద్దంలో పెట్టారు చూడండి, నల్లది, పొట్టి కాళ్ళది. అదే. అచ్చం అదే."

విల్ఫ్ ఆ సాయంత్రమే వెళ్ళి నల్లది, పొట్టి కాళ్ళది, అచ్చం అదే కొన్నాడు. దుకాణం మనుషులే వచ్చి బిగించారు. గోడకి, పొగ కమ్మితే మోగే అలారం కూడా పెట్టారు. అలా వచ్చింది ఆ శుక్రవారం.

పొయ్యిలో ఎండు కట్టెలు పేర్చి, అగ్గిపుల్ల గీసి, విల్ఫ్ ఊపిరి బిగబట్టాడు. మంట ముచ్చటగా అందుకుంది. గాజు తలుపు వెనక బంగారు రంగులో ఆడింది. భయంలో మంచి ఏమిటంటే, అది పోయిన క్షణం మహా సుఖంగా ఉంటుంది. ఆ సుఖం టీ నీళ్ళు మరిగేంత సేపు నిలిచింది. తర్వాత పొయ్యి ఒంటి నుంచే, గొట్టంలోంచి కాదు, ఇనుములోంచే, నీలంగా పొగ లేవడం మొదలుపెట్టింది. కొత్త రంగు కాలుతున్న ఘాటు కంపు గదంతా నిండింది. గోడ మీద అలారం గోల పెట్టింది.

మామూలు మనిషయితే కిటికీ తెరుస్తాడు. విల్ఫ్ తెరిచి ఉన్న ఒక్క కిటికీ కూడా మూసేశాడు. పొగ నిషేధమున్న వీధిలో, పట్టపగలు, కిటికీలోంచి పొగ బయటికి వదలడమా? తలుపు కింద సందులో తడి తువ్వాలు కుక్కాడు. పరదాలు లాగేశాడు. అలారాన్ని ఊడబెరికి, హిల్డా టీ కూజాకి అల్లిన ఉన్ని తొడుగులో చుట్టి, వంటగదిలో ఓవెన్‌లో పెట్టి తలుపు వేశాడు. అది అందులోంచి సన్నగా ఏడుస్తూనే ఉంది.

ఇక గొట్టంలోంచి ఏం పోతోందో చూడాలి. పసుపు కోటు తగిలించుకుని వీధి మధ్యకి వెళ్ళి తలెత్తాడు. బాబిన్ రోలో పక్కపక్క ఇళ్ళకి పైన ఉండేది ఒకటే ఇటుకల దిమ్మ. దాని మీద రెండిళ్ళ గొట్టాలూ భుజం భుజం రాసుకుంటూ ఉంటాయి. వీధిలో మిగతావన్నీ కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. ఎదురింటి పరదా కదిలింది. దాని పక్కింటి పరదా కదిలింది. మిసెస్ ఆర్మిటేజ్ ఇంట్లో ఏదో దబ్బున పడింది. మరుక్షణం తన ఇంటి దిమ్మ మీంచి నల్లటి పొగ, ఆవిరితో కలిసి బుస్సుమంటూ లేచింది.

విల్ఫ్ పైప్రాణాలు పైనే పోయాయి. లోపలికి పరిగెత్తి, గాలి తలుపు మూయబోయాడు. అది సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఎంత నొక్కినా పూర్తిగా మూసుకోదు. ఆమోదం పొందిన పొయ్యి కదా! పాత స్నేహితుడు సిరిల్‌కి ఫోను చేశాడు. సిరిల్ జీవితమంతా మామూలు బొగ్గు కాల్చినవాడు.

"ఒరేయ్, పొయ్యి ఆగట్లేదురా! ఆర్పడం ఎలాగ?"

"మా అమ్మ తడి టీ ఆకు పోసేదిరా. గుప్పెడు పోస్తే మంట తెల్లారేదాకా బుద్ధిగా పడుకునేది."

"ఆరిపోతుందా?"

"ఆరదు, పడుకుంటుంది. అయినా అంత పిరికివాడివి పొయ్యెందుకు కొన్నావ్? దుప్పటి కొనుక్కోకపోయావా?"

విల్ఫ్ పూర్తిగా వినలేదు. టీ కూజాని పొయ్యి తలుపులోంచి లోపలికి వొంపేశాడు, ఆకుతో సహా, టీతో సహా. గదిలో ఒక మేఘం పుట్టింది. సరిగ్గా అప్పుడే వీధి తలుపు ఎవరో తట్టారు.

పరదా సందులోంచి చూశాడు. మిసెస్ ఆర్మిటేజ్. ఆవిడ వెనక వీధి వీధంతా. ఎవరి చేతుల్లోనో ఏవో గుడ్డలు కప్పిన పళ్ళాలు ఉన్నాయిగానీ, భయపడ్డవాడికి మొహాలే కనిపిస్తాయి. మొహాలు చాలా గంభీరంగా ఉన్నాయి. 'ఫిర్యాదు రాసి సంతకాలు పెట్టుకుని వచ్చారు' అనుకుని విల్ఫ్ నేల మీద పడి, పాక్కుంటూ సోఫా వెనక్కి చేరాడు. కాళ్ళు మాత్రం పట్టలేదు.

"సగ్డెన్ గారూ! ఉన్నారాండీ?" మిసెస్ ఆర్మిటేజ్ తలుపుకున్న ఉత్తరాల సందు మూత ఎత్తి కళ్ళు పెట్టింది. లోపల తెల్లటి పొగ. పొగలో, సోఫా పక్కన, కదలకుండా రెండు చెప్పుల కాళ్ళు.

ఆవిడ వేసిన కేక హార్‌క్లఫ్‌లో ఇప్పటికీ కొందరికి గుర్తుంది. "పోయాడు! విల్ఫ్ సగ్డెన్ పోయాడు! అగ్నిమాపకం వాళ్ళని పిలవండర్రా!"

తాను పోలేదని లేచి చెబుదామనే అనుకున్నాడు విల్ఫ్. కానీ అగ్నిమాపకం అన్న మాట విని అక్కడే ఉండిపోయాడు. అగ్నిమాపకం వస్తే వెనకే కౌన్సిల్ వస్తుంది, పొయ్యి పీకేస్తుంది, గది చల్లబడుతుంది, హిల్డా స్కార్‌బరో వెళ్ళిపోతుంది. సోఫా వెనక దుమ్ములో మొహం పెట్టుకుని నిజంగానే ఏడ్చాడు.

ఎర్ర బండి గంట కొడుతూ వీధి ఈ చివర నుంచి, మ్యూరియల్ కారు ఆ చివర నుంచి ఒకేసారి వచ్చి ఆగాయి. హిల్డా కిటికీ అద్దం దించింది. "ఏమయింది?" అంది. ఎవరూ ఆమె కళ్ళలోకి చూడలేదు. ఎవరో సంతాపంగా టోపీ తీశారు.

హిల్డా మొహంలో నెత్తురు లేదు. మ్యూరియల్ "ఆగవే, ఆగు!" అంటున్నా వినకుండా కారు దిగింది. డాక్టర్లు ఇచ్చిన రెండు కర్రల్లో ఒకటి కారులోనే ఉండిపోయింది. రెండో కర్ర మీద మనుషుల్ని తోసుకుంటూ గుమ్మం దాకా వచ్చి, దాంతోనే తలుపు మీద దబదబా బాదింది.

"విల్ఫ్! నేనొచ్చాను! తలుపు తియ్! విల్ఫ్, తియ్యవయ్యా!"

ఆ గొంతు విన్నాక ఏ కౌన్సిల్ భయమూ విల్ఫ్‌ని ఆపలేకపోయింది. తలుపు తెరుచుకుంది. పొగతో పాటు, నెత్తి మీద సాలెగూడుతో, విల్ఫ్ బయటికి వచ్చాడు. హిల్డా కర్ర వదిలేసి అతని కోటు కాలర్ రెండు చేతులా పట్టుకుంది. ఆ పట్టు కౌగిలో కుదుపో చూసేవాళ్ళకి తెలియలేదు.

"బతికే ఉండి పలకవేం?"

"భయమేసింది."

"ఎవరంటే?"

విల్ఫ్ వీధి వైపు చెయ్యి చూపించాడు. "వీళ్ళంటే. అందరి గొట్టాలూ శుభ్రంగా ఉన్నాయి, నాదొక్కటే పొగ. ఫిర్యాదు చెయ్యడానికి వచ్చారు."

"ఫిర్యాదా?" మిసెస్ ఆర్మిటేజ్ నోరు తెరిచింది. "మేం బతిమాలడానికి వచ్చామయ్యా! మాంసం కూరి కాల్చిన పై రొట్టె చేసుకొచ్చా నీకోసం! రోజూ ఆ కౌన్సిల్ కోటు వేసుకుని పొగగొట్టాలు చూస్తూ తిరుగుతుంటే, నీకు మళ్ళీ ఉద్యోగమిచ్చి మా మీదికి తోలారనుకున్నాం. అప్పట్నుంచి వీధిలో ఒక్కరం పొయ్యి ముట్టిస్తే ఒట్టు. రెండు కోట్లేసుకుని పడుకుంటున్నా! ఇవాళ ఓర్చుకోలేక కాస్త బొగ్గు వేశానో లేదో, నడివీధిలో నిలబడ్డావు. కంగారులో టీ కూజా దానిమీద కుమ్మరించా. ఆ నల్ల పొగ నాదే."

విల్ఫ్ కోటు తిప్పి వీపు చూసుకోబోయాడు. అక్కడ కౌన్సిల్ పేరు జానెడేసి అక్షరాల్లో ఇంకా మెరుస్తోంది.

"మరి మీకున్న నల్ల పొయ్యి? పొట్టి కాళ్ళది?"

"నాకసలు పొయ్యే లేదు. మా అత్తగారి నాటిది, గోడలో బొగ్గు కాల్చే గూడే ఉంది. నువ్వడిగేసరికి నోటికొచ్చింది చెప్పేశా."

ఇంతలో అగ్నిమాపక అధికారి లోపలికి వెళ్ళి చూసి, ఓవెన్ తెరిచి అలారాన్ని చేత్తో పట్టుకుని బయటికి వచ్చాడు. దానికి ఉన్ని తొడుగు ఇంకా ఉంది. "అయ్యా, పొయ్యి నిక్షేపంగా ఉంది. కొత్తది కాబట్టి ఒంటికున్న రంగు కాలుతుంది. మొదటి రెండు మూడు సార్లూ చిన్న మంట పెట్టి, కిటికీలన్నీ తెరిచిపెట్టాలి. అమ్మినవాళ్ళు చెప్పలేదా?"

"చెప్పే ఉంటారండీ," అన్నాడు విల్ఫ్ నేల చూస్తూ. "ఇది గోడ మీద ఉండాలి. వంటకి కాదు," అని అధికారి అలారం అతని చేతిలో పెట్టాడు.

కిటికీలన్నీ బార్లా తెరిచారు. కొండ గాలి ఇల్లంతా తిరిగింది. మ్యూరియల్ ముక్కు లోపలికి పెట్టి, వెంటనే వెనక్కి తీసుకుంది. "పద హిల్డా. మంచు గడ్డలా ఉంది. కారెక్కు."

"వెళ్ళకు," అన్నాడు విల్ఫ్. వీధి మొత్తం వింటోందని తెలిసీ అన్నాడు. "నువ్వు లేకపోతే నాకు ఏదీ చేతకాదు. నువ్వున్నా చేతకాదు గానీ, అప్పుడు తిట్టడానికైనా ఒకరుంటారు."

హిల్డా అక్క వైపు తిరిగింది. "మ్యూరియల్, మీ ఇల్లు వెచ్చగా ఉంటుంది, కాదనను. కానీ నేను వెళ్ళిపోతానేమోనని సోఫా వెనక పడుకుని ఏడ్చేవాళ్ళు అక్కడెవరున్నారే? గది వెచ్చబడేదాకా ఎక్కడైనా కూర్చుంటా."

"మా ఇంట్లో కూర్చో తల్లీ," అంది మిసెస్ ఆర్మిటేజ్. అని వెంటనే బెదిరిపోయి అధికారి వైపు చూసింది. "కానీ నాది పాత బొగ్గు గూడు..."

"పొగ రాని బొగ్గయితే ఏ గూట్లో వేసుకున్నా తప్పులేదమ్మా," అన్నాడాయన. పై రొట్టె వాసన పట్టి ఆయన ఇంకా వెళ్ళలేదు.

విల్ఫ్ తన పెరట్లో ఉన్న పొగ రాని బొగ్గు బస్తా మొత్తం పక్కింటికి మోశాడు. సాయంత్రానికి మిసెస్ ఆర్మిటేజ్ ముందుగదిలో హిల్డా, మ్యూరియల్, ఆవిడా ఎర్రటి నిప్పుల ముందు కాళ్ళు చాపుకుని పై రొట్టె తింటున్నారు. కోటు విప్పేసి, చొక్కాతోనే వీధిలోకి వెళ్ళి అలవాటుగా ఒకసారి తలెత్తి చూసి వచ్చాడు విల్ఫ్.

"ఏం, పొగ వస్తోందా?" అంది హిల్డా.

"లేదు," అన్నాడు.

ఆడవాళ్ళు ముగ్గురూ ఉలిక్కిపడి, నిప్పు ఆరిపోయిందేమోనని ఒకేసారి గూటి వైపు చూశారు.