ఏడు దేశాల కండువా

మా కేన్సరు ఆస్పత్రికీ ఏడు దేశాలకూ ఒప్పందం కుదిరిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. సంతకాలు జరిగిన హాల్లో కుర్చీలు వేసింది నేనే. అందుకని చెబుతున్నాను. ఇకమీదట కేన్సరు మన జోలికి రావాలంటే ఏడు దేశాలను దాటుకుని రావాలి.

ఆ రోజు డైరెక్టరు గారు గొప్పగా మాట్లాడారు. "కేన్సరుకు సరిహద్దులు లేవు. అందుచేత కేన్సరుపై పోరాటానికీ సరిహద్దులు ఉండరాదు!" అన్నారు. ముందు వరసవాళ్ళు చప్పట్లు కొట్టారు. వాళ్ళను చూసి వెనక వరసవాళ్ళు కొట్టారు. తరవాత భోజనాలు.

ఒప్పందానికి ముందు మా ఆస్పత్రిలో ఒక వెనకబడిన పద్ధతి ఉండేది. రోగి గడ్డలోంచి చిన్న ముక్క కోసేవారు. దాన్ని కరిగిన మైనంలో పెట్టి దిమ్మ కట్టేవారు. ఆ దిమ్మను పొరలు పొరలుగా చెక్కి, ఒక పొరను గాజు పలక మీద పరిచేవారు. మేడ మీద చివరి గదిలో ఉండే డాక్టరు దాన్ని మైక్రోస్కోపులో చూసి, జబ్బు ఉందనో లేదనో చెప్పేసేవాడు. రోజంతా అద్దంలో కన్ను పెట్టి కూర్చుంటాడని ఆయన్ని మేం అద్దాల డాక్టరు అంటాం. పద్ధతి బాగానే నడిచేది. కాని అందులో ఒక్క విదేశీయుడు కూడా లేకపోవడం ఆస్పత్రికి తలవంపులుగా ఉండేది.

ఒప్పందంతో ఆ లోటు తీరింది. ఇకపై ప్రతి దిమ్మా ఏడు దేశాలు తిరిగి రావాలి. "ఒక కన్ను చూస్తే అభిప్రాయం. ఏడు దేశాల కళ్ళు చూస్తే సహకారం" అని డైరెక్టరు గారు సెలవిచ్చారు. మైక్రోస్కోపును వరండాలో గాజు పెట్టెలో పెట్టి, 'మన ఘన గతం' అని బోర్డు తగిలించారు. అద్దాల డాక్టరును అంతర్జాతీయ సమన్వయాధికారిని చేశారు. పార్సెళ్ళు కట్టడం ఆయన పని. ముడులు బాగా వేస్తాడు.

మొదటి పార్సెల్ అయ్యే గౌరవం మా చెల్లెలికి దక్కింది. చెల్లెలు దర్జీపని చేస్తుంది. దాని మెడ పక్కన శనగగింజంత గడ్డ లేచింది. ముక్క కోసిన డాక్టరమ్మ చెప్పింది: "ఇది చెడ్డదైతే వెంటనే తీసేయాలమ్మా. లోపలికి దిగిందంటే కత్తి పెట్టలేం. జవాబు రాగానే పరుగెత్తుకు రా."

పార్సెల్ బయలుదేరేటప్పుడు డైరెక్టరు గారు జెండా ఊపారు. చెల్లెలు నా పక్కన నిలబడి చూసింది.

"అన్నయ్యా, నేను బస్సు తప్ప ఇంకోటి ఎక్కి ఎరగను. నా మెడ ముక్క విమానం ఎక్కేస్తోందే! కిటికీ పక్క సీటు ఇచ్చారేమో కనుక్కో."

నేను కనుక్కోలేదు.

మొదటి దేశం దిమ్మను చూసింది. అది పెద్ద దేశం. ముందుగా నోరు తెరిస్తే పెత్తనం చేసినట్టుంటుందని, తన పరిశోధనకు నాలుగు పొరలు చెక్కుకుని రెండో దేశానికి పంపింది. పెద్దవాళ్ళే మాట్లాడనప్పుడు మనమెవరం అని రెండో దేశం వినయంగా కొంత చెక్కుకుని మూడో దేశానికి పంపింది. గుమ్మం దగ్గర ఇద్దరు పెద్దమనుషులు "మీరు పదండి", "అబ్బే, ముందు మీరు" అనుకుంటూ ఉంటే, వెనకవాడు వానలో తడుస్తూ నిలబడతాడు చూడండి, అలా సాగింది మర్యాద. నాలుగో దేశం తన వాటా పొరలకు రంగులద్ది ఫొటో తీసింది. ఆ ఫొటోకు బహుమతి వచ్చింది. అయిదో దేశం తన పొరలు దాచడానికి కొత్త భవనం కట్టింది. ఆరో దేశం ఆ భవనం చూడడానికి బృందాన్ని పంపింది, చెక్కుకోవడం మాత్రం మానలేదు.

చెల్లెలు వచ్చి అడిగేది. "ఇప్పుడెక్కడుందట?"

"సముద్రం మీద."

"నాకంటే అదే నయం. గాలి తగులుతుంది."

వచ్చిన ప్రతిసారీ జాకెట్టు మెడపట్టీ కాస్త వదులు చేసుకుని వచ్చేది. చివరికి పట్టీయే విప్పేసింది. గడ్డ నిమ్మకాయంత అయింది.

ఏడో దేశం నిక్కచ్చి దేశం. మొహమాటం లేకుండా జవాబిచ్చింది: 'మాకు అందిన దిమ్మలో కేన్సరు లేదు.' అది నిజం. అందులో కండ కూడా లేదు. ఆరు దేశాలు చెక్కుకున్నాక మిగిలింది మైనం.

అద్దాల డాక్టరు ఆ దిమ్మ పట్టుకుని డైరెక్టరు గారి దగ్గరికి వెళ్ళాడు.

"సార్, ఇందులో ఉన్నది మైనమే."

"మైనంలో జబ్బుందా?"

"లేదు సార్."

"ఏడు దేశాలూ అదే కదయ్యా అంటున్నాయి! నీ గొడవేమిటి?"

సహకారం సాధించిన తొలి విజయానికి సభ పెట్టారు. కుర్చీలు నేనే వేశాను. ఏడు దేశాల ప్రతినిధులూ వచ్చారు. కేన్సరు లేదని తేలిన మనిషిగా చెల్లెల్ని వేదిక ఎక్కించారు. ఫొటోగ్రాఫరు దాన్ని ఎగాదిగా చూశాడు.

"అమ్మా, ఆ గడ్డ ఫొటోలో పడితే బాగోదు. ఇది చుట్టుకోండి."

ఏడు జెండాలు అచ్చువేసిన కండువా ఇచ్చాడు. చెల్లెలు అంచు తడిమి చూసింది. "కుట్టు వంకర. ఏ దేశం వాడు కుట్టాడో!" అంటూ చుట్టుకుంది. తరవాత మైకు ముందుకు వెళ్ళింది.

"పెద్దలందరికీ నమస్కారం. మైనానికి జబ్బు లేదని తేల్చారు, సంతోషం. నాకుందో లేదో కూడా ఎవరైనా చూసి చెబుతారా?"

సభ ఘొల్లున నవ్వింది. దుబాసీ ప్రతినిధుల చెవిలో "మీకు కృతజ్ఞతలు చెబుతోంది" అన్నాడు. ఏడుగురూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అందరూ లేచారు కదా అని నేనూ లేచి కొట్టాను.

అంతా భోజనాలకు వెళ్ళాక అద్దాల డాక్టరు చెల్లెల్ని వరండాలోకి పిలిచాడు. గాజు పెట్టె తెరిచాడు. గడ్డలోంచి సూదితో ఒక చుక్క లాగి, పలక మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోపులో కన్ను పెట్టాడు. హాల్లో వాళ్ళు ఇంకా వడ్డించుకుంటూనే ఉన్నారు. ఆయన తల ఎత్తాడు.

"ఉందమ్మా. ముక్క కోసిన రోజే నన్ను చూడనిచ్చి ఉంటే..."

"చూసుంటే?"

"ఆ వారమే తీసేసేవాళ్ళు."

"ఇప్పుడో?"

"లోపలికి దిగింది. మందులతో ఏమైనా లొంగుతుందేమో చూడాలి. అదీ వెంటనే మొదలుపెడితే."

"సరే. మీరు ముందు ఆ పెట్టె మూసేయండి డాక్టరు గారూ, ఎవరైనా చూస్తారు" అంది చెల్లెలు.

ప్రదర్శనలో ఉన్న వస్తువును ముట్టుకున్నందుకు డాక్టరును సస్పెండు చేశారు. చెల్లెలి విషయంలో డైరెక్టరు గారు ఎంతో దయగా మాట్లాడారు. ఏడు దేశాలు జబ్బు లేదన్న మనిషికి మందు ఎక్కిస్తే ఆ దేశాలను అవమానించినట్టవుతుందట. జబ్బు ఉందనిపించుకోవాలంటే దారి తెరిచే ఉంది, మళ్ళీ ముక్క పంపవచ్చన్నారు. పంపాం. ఈసారి ఏడు దేశాలకూ సరిపోయేలా పెద్ద ముక్కే కోశారు. అది ప్రస్తుతం రెండో దేశంలో ఉంది.

చెల్లెలి ఫొటో అన్ని పేపర్లలోనూ వచ్చింది. మీరూ చూసే ఉంటారు. కండువా కింద ఏముందని ఎవరూ అడగలేదు. కండువా బాగుంది, ఎక్కడ దొరుకుతుందని మాత్రం చాలామంది అడిగారు. అడిగినవాళ్ళకు చెల్లెలే కుట్టి ఇస్తోంది. కుట్టు వంకర లేకుండా కుడుతోంది.

కావలసినవాళ్ళు కాస్త త్వరపడమని చెప్పమంది.